ఇంట చెప్పని మాట: జంషెడ్‌పూర్ క్వార్టర్లలో బడిపిల్లల మౌనం

తోటిపిల్లల చేతిలో పడే బాధను జంషెడ్‌పూర్ పిల్లలు కన్నవారికి ఎందుకు చెప్పుకోలేకపోయారో తెలియాలంటే, ముందుగా ఆ ఊరు ఏర్పడిన తీరును గమనించాలి. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో సాక్చిలో తొలి ఉక్కు తయారై, 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టేనాటికి, అక్కడి కార్మికుడి కొలువు, ఇల్లు, వైద్యం చాలావరకు ఒకే యాజమాన్యం చేతిలో ఉన్నాయి. 1912 నాటి ఎనిమిది గంటల పనిదినం, 1915 నాటి ఉచిత వైద్యం, 1920 నాటి ప్రావిడెంట్ ఫండు దేశంలో చాలాచోట్ల లేని కాలంలో కార్మికుడికి దక్కిన మేలు అనడంలో సందేహం లేదు; అయితే బతుకంతా ఒకే చోట ముడిపడిన ఊళ్లో ఏ గొడవైనా తండ్రి కొలువు దాకా పాకుతుందన్న భయం కూడా ఆ మేలుతో పాటే ఇళ్లలోకి వచ్చింది.

ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఖరగ్‌పూర్ మీదుగా రైలెక్కి వచ్చిన తెలుగువారు కదమా, సోనారీ, గోల్మురి వంటి పేటల్లో స్థిరపడి, బిష్టుపూర్‌లో రామమందిరాన్ని, కదమాలో ఆంధ్ర సంఘాన్ని నిలబెట్టుకున్నారు. ముందు వచ్చిన అన్న సిఫారసుతో తమ్ముడు, అతని వెనుక బావమరిది కొలువులో చేరడంతో పరువు అనేది ఒక్క ఇంటిది కాకుండా బంధుగణమంతటిదీ అయింది. పైగా క్వార్టర్లు, అంటే కంపెనీ ఇచ్చే ఇళ్లు, ఉద్యోగి హోదాను బట్టి దక్కేవి కాబట్టి, ఇంటి గుమ్మం చూస్తేనే తండ్రి ఎంతటివాడో వీధి పిల్లలకు తెలిసిపోయేది.

బలమున్న పిల్లలు తమకు ఎదురు తిరగలేని ఒకరిని కావాలనే పదేపదే బాధించడాన్ని విద్యావేత్తలు బుల్లీయింగ్ అంటారు. పిల్లల మాటల్లో అది ‘ఏడిపించడం’. ఏడిపించినవాడి తండ్రి తన తండ్రి పనిచేసే మిల్లులోనే ఫోర్‌మన్ అయితే, ఇంట్లో చెప్పిన మాట మర్నాడు మిల్లులో తండ్రి ముఖాన పడుతుందని పిల్లవాడికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఉద్యోగుల పిల్లలకు కొలువుల్లో ప్రాధాన్యమిచ్చే ఆనవాయితీ ఉన్న ఊళ్లో, ఆ తగవు రేపటి తన కొలువుకే అడ్డమవుతుందన్న బెంగ కూడా అసహజం కాదు. ఏ, బీ, సీ షిఫ్టులుగా మారే పనివేళలు దీనికి తోడయ్యాయి: రాత్రి పాళీ చేసి వచ్చిన తండ్రి పట్టపగలు కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటే, నాన్న నిద్ర చెడుతుందని తల్లి పిల్లలను ‘ష్’ అని అదిలించే ఇంట్లో, బడి నుంచి చిరిగిన చొక్కాతో వచ్చిన పిల్లవాడు ఆ మాట ఎత్తే వేళే ఉండదు, సాయంత్రానికి ఆ చొక్కా మడతల కింద చేరిపోతుంది.

అన్నిటికన్నా బాధాకరమైన కారణం మరొకటి ఉంది. దక్షిణాదివారినందరినీ ‘మద్రాసీ’ అని ఒకే గాటన కట్టి వెక్కిరించే చోట, ఆ వెక్కిరింత పిల్లవాడితో ఆగదు. బజారులో తల్లి తడబడుతూ మాట్లాడే హిందీని, ఆమె కట్టును, ఇంట్లో వండే కూరను కూడా ఎగతాళి చేస్తారు. దాన్ని ఇంటికి వచ్చి చెప్పడమంటే తల్లిని తన నోటితోనే మళ్లీ అవమానించడమని పిల్లవాడు తలుస్తాడు. అందువల్ల ఈ మౌనాన్ని పిరికితనంగానో, కన్నవారిపై నమ్మకలేమిగానో చూడడం అన్యాయం. చాలాసార్లు అది పసివాడు ఇంటికి కాసిన కాపలా. ‘నువ్వేం చేయకుండానే వాళ్లెందుకు కొడతారు?’ అని తండ్రి ఒక్కసారి అన్నాడంటే, ఆ తలుపు పూర్తిగా మూసుకుపోతుంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. పాఠశాలల్లో వేధింపుల నివారణ కమిటీలు వేయాలని 2015లో సీబీఎస్ఈ సూచించింది. అయితే కమిటీ కదలాలంటే ముందు పిల్లవాడు నోరు విప్పాలి. నార్వేలో 1982లో వేధింపులకు గురైన ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకున్న తరువాత, మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ 1983లో దేశవ్యాప్త కార్యక్రమం కోసం పేరు రాయనక్కరలేని ప్రశ్నాపత్రాన్ని రూపొందించి, ఎవరినీ పట్టివ్వకుండానే ఏ బడిలో ఎంత బాధ ఉందో పిల్లల చేతనే చెప్పించగలిగాడు. ఇంటిపేరు వినగానే తండ్రి ఏ డిపార్ట్‌మెంటులో ఉన్నాడో చెప్పగలిగే ఊళ్లో, పేరు లేని ఆ కాగితం మిగతా ఏర్పాట్లన్నిటికన్నా ముందు రావలసింది.