చేతిపిడి కథ

కొడవలి పదునుగా నున్నంత మాత్రమున కోత సాగదు. పిడి చేతికి కుదరవలెను. కృష్ణా డెల్టాలో వరి కోసినవారెవరైనను ఈ మాట చెప్పుదురు. పిడి మరీ సన్నమైనచో వ్రేళ్లు నొప్పిపుట్టును. లావైనచో పట్టు చిక్కదు. వదులైనచో చేయి తెగును. గుడివాడనుండి బందరుకు, బందరునుండి అవనిగడ్డకు పరుగులిడు మోటారు సైకిళ్లకును ఇదే న్యాయము వర్తించును. వాటి పిడులపై నుండు రబ్బరు తొడుగులను మన మెకానిక్కులు గ్రిప్పులందురు. వాటి ఖరీదు స్వల్పమే. చరిత్ర మాత్రము చాల పెద్దది.

తొలినాటి సైకిళ్లకు కొయ్య పిడులు, కొమ్ము పిడులు ఉండెడివి. తరువాత బెండు, సెల్యులాయిడ్ పిడులు వచ్చెను. చెమట పట్టిన చేతిలో నున్నని కొమ్ము జారును. బెండు పెళ్లలుగా ఊడిపోవును. రబ్బరు అంతకు ముందే తెలిసినదైనను, పచ్చి రబ్బరు వేసవిలో జిగురై చలిలో పెళుసగును. అట్టి పిడిని మే నెలలో బందరు ఎండలో పట్టుకొన్నవాని గతి ఊహించుకొనవచ్చును! 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకముతో కలిపి వేడిచేసినచో ఈ రెండు దోషములును తొలగునని కనుగొనెను. 1844లో దానికి పేటెంటు పొందెను. రబ్బరులోని పొడవాటి అణువుల నడుమ గంధకము వంతెనలు కట్టును. అందువలన సాగదీసినను రబ్బరు మరల తన రూపమునకు వచ్చును. ఇదియే వల్కనీకరణము. ఇంత మేలుచేసిన గుడియర్ 1860లో అప్పులతోనే మరణించెను.

20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో రబ్బరులో మసి కలుపుట ఆరంభమయ్యెను. దానివలన రబ్బరు అరుగుదలకు ఓర్చును. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములకు తట్టుకొనును. తొడుగులు నల్లగా నుండుట కేవలము అలవాటు కాదని విద్యార్థులు గమనింపవలెను. అంగడిలో ఎఱ్ఱవి, నీలివి కనులకింపుగా వ్రేలాడుచుండును. ఎండలో నిలుచు బండికి నల్లదే మేలని నా అభిప్రాయము.

మోటారు సైకిలు వచ్చిన పిమ్మట పిడి కేవలము పట్టుకొనుటకే కాక యంత్రమును నడుపుటకు కూడ సాధనమయ్యెను. 1869 ప్రాంతమున సిల్వెస్టర్ రోపర్ నిర్మించిన ఆవిరి బండిలో హ్యాండిలును త్రిప్పినచో ఆవిరి హెచ్చుచుండెను. తొలి పెట్రోలు బండ్లలో పెక్కింటికి చిన్న మీటలుండెడివి. 20వ శతాబ్దారంభమున గ్లెన్ కర్టిస్ బండ్లపైనను, ఇండియన్ అను అమెరికా బండ్లపైనను త్రిప్పుడు పిడి ప్రచారమునకు వచ్చెను. క్రమముగా కుడిచేతి పిడిని త్రిప్పి వేగము పెంచుట అంతటను ఆచారమయ్యెను.

మన అంగళ్లలో జరుగు ఒక పొరపాటునకు మూలమిక్కడనే గలదు. ఎడమ తొడుగు నేరుగా ఉక్కు కడ్డీపై కూర్చుండును. పెక్కు బండ్లకు ఆ కడ్డీ వ్యాసము 7/8 అంగుళము, అనగా సుమారు 22 మిల్లీమీటర్లు. కుడి తొడుగు కడ్డీపై తిరుగు గొట్టమునకు ఎక్కును. కనుక దాని రంధ్రము మరి మూడు, నాలుగు మిల్లీమీటర్లు పెద్దది. కొన్ని పెద్ద బండ్లకు కడ్డీయే ఒక అంగుళముండును. ఒకప్పుడు ఈ వ్యాసకర్తకు ఒక అంగడివాడు రెండును కుడిచేతి తొడుగులే ఇచ్చెను. ఎడమది వదులు కాగా లోపల పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి బిగించితిని. పెడన దాటిన పిమ్మట ఒక గోతిని తప్పించబోగా తొడుగు ఊడి చేతిలోనికి వచ్చెను. బండి కాలువగట్టుననే ఆగినది గనుక ఈ వ్యాసము వ్రాయగలుగుచున్నాను.

మన దేశమున 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ నిర్మాణము, 1961లో మైసూరులో జావా నిర్మాణము ఆరంభమయ్యెను. బుల్లెట్ వంటి ఒంటి సిలిండరు యంత్రములో పిస్టను పైకి క్రిందికి పోవునప్పుడు పుట్టు అదురు పూర్తిగా సరితూగదు. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు యంత్రము సెకనుకు 50 మారులు చేతిని అదరగొట్టును. చాలసేపు నడిపినవారికి వ్రేళ్లు తిమ్మిరెక్కుట అందువలననే.

ఈ తిమ్మిరిని తేలికగా త్రోసివేయరాదు. 1862లో ఫ్రెంచి వైద్యుడు మారిస్ రేనో, చలికి వ్రేళ్లు తెల్లబడు వ్యాధిని వర్ణించెను. 1918లో ఎలిస్ హామిల్టన్ అను వైద్యురాలు, గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కు అమెరికా పనివారి చేతులలో అట్టి లక్షణములనే చూచి, అదురునకును దానికిని గల సంబంధమును చూపెను. పిమ్మట జపానులో మోటారు సైకిళ్లపై ఉత్తరములు పంచు తపాలా ఉద్యోగులలోను ఇట్టి జబ్బు కనబడెను. చెరువులకు, చేలకు రోజంతయు బండిపై తిరుగువారు ఈ సంగతి తెలిసికొనదగును.

మరి మెత్తని తొడుగు వేసిన చాలునా? ఒక రాతిని రబ్బరు త్రాటికి కట్టి వ్రేలాడదీయుడు. చేతిని మెల్లగా పైకి క్రిందికి ఆడించినచో రాయియు చేతితోపాటు కదలును. కొంచెము వేగము పెంచగా ఒకచోట రాయి చేతికంటె ఎక్కువగా ఎగురును, ఇదియే అనునాదము. ఇంకను త్వరగా ఆడించినచో రాయి ఇంచుమించు నిలిచిపోవును. అదురు పౌనఃపున్యము ఆ అమరిక యొక్క సహజ పౌనఃపున్యమునకు సుమారు 1.4 రెట్లు మించిననే రబ్బరు అదురును తగ్గించును. కనుక పలుచని మెత్త త్వరిత కంపనములను కొంత మ్రింగునుగాని, గోతుల కుదుపులను మ్రింగజాలదు. కొన్ని బండ్లకు కడ్డీ కొనలలో బరువులు బిగించుట కడ్డీ సహజ పౌనఃపున్యమును మార్చుటకే.

మెత్తదనముకొఱకు తొడుగును మరీ లావు చేసినను కష్టమే. బలముగా పట్టవలసిన పిడికి 30 మొదలు 40 మిల్లీమీటర్ల వ్యాసము సాధారణముగా అనుకూలము. పిడికిలి బిగించినప్పుడు బొటనవ్రేలి కొన చూపుడువ్రేలి కొనను ఇంచుమించు తాకవలెను. చిన్న చేతులవారు లావు తొడుగును గట్టిగా నొక్కి పట్టుకొందురు. నొక్కినకొలది అదురు చేతికెక్కును! ఇక స్పంజివంటి తొడుగులు పొడి సీమలకు బాగుండును. నాగాయలంక, కోడూరు ప్రక్కల ఉప్పు గాలికి అవి చెమటను, వానను పీల్చుకొనును. క్రింద ఉక్కు కడ్డీ త్రుప్పుపట్టును. దివిసీమకు గట్టి రబ్బరుపై గాళ్లు చెక్కినదే తగినది.

బిగించుటకు ముందు పాత జిగురును, త్రుప్పును తుడిచివేయవలెను. నూనె, గ్రీజు పూసి ఎక్కించరాదు; సులభముగా ఎక్కినది సులభముగనే ఊడును, నూనెకు రబ్బరు ఉబ్బును కూడ. తొడుగుల జిగురునే పలుచగా పూసి ఒక్క ఊపున త్రోయవలెను. జిగురు గొట్టము లోపలికి పోనీయరాదు. కుడి తొడుగు అంచునకు, స్విచ్చుల పెట్టెకు నడుమ సన్నని సందు విడువవలెను. రెండును రాచుకొన్నచో త్రిప్పిన పిడి తిరిగి రాదు. జిగురు బాగుగ ఆరిన పిమ్మట పిడిని పూర్తిగా త్రిప్పి వదలుడు. అది టక్కున తనంత తాను వెనుకకు రావలెను. ఇంజను నడుచుచుండగా హ్యాండిలును ఎడమకు, కుడికి కొసదాక త్రిప్పి వినుడు. ఇంజను చప్పుడు హెచ్చినచో తీగ ఎక్కడనో లాగబడుచున్నదని తెలిసికొని, దానిని సరిచేయువరకు బండి నెక్కవలదు.