పద్దు లేని అర్జీ: హోసూరు, కృష్ణగిరి సీమలో స్థానిక నిధుల కథ

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగువారి చరిత్ర రాయాలనుకున్న విద్యార్థి సాధారణంగా బాగలూరు, సూళగిరి పాళెగార్ల దగ్గరకో, చెరువుగట్టు శాసనాల దగ్గరకో, జానపద గేయాల దగ్గరకో వెళతాడు. వెళ్ళవలసిందే. అయితే ఊరి బడికి పెంకులు ఎవరు వేయించారు, వాగు మీద కల్వర్టుకు డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, ఆ డబ్బు కోసం ఎవరిని అడిగారు, ఏ భాషలో అడిగారు అన్న ప్రశ్నలు మన సిద్ధాంత వ్యాసాలలో కనిపించవు. ఆదాయవ్యయాల లెక్కలు సాహిత్య విద్యార్థికి చప్పగా ఉంటాయన్న మాట నిజమే. కానీ ఆంధ్రదేశం వెలుపల ఉన్న తెలుగు బడి బతుకు చాలావరకు ఆ చప్పని లెక్కలలోనే తేలిపోయింది. అందుచేత ఈసారి ఆ దారిన కొంతదూరం నడుద్దాం.

1792లో శ్రీరంగపట్నం ఒడంబడికతో బారామహలు, 1799లో టిప్పు పతనం తరవాత హోసూరు ఎగువ సీమ కుంపిణీ చేతికి వచ్చాయి. అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో బారామహలులో రైతువారీ పద్ధతికి పునాది వేశారు. ఆ కాలంలో ఊరికి ఏదైనా కావాలంటే అడిగే వేళ ఒక్కటే, జమాబందీ. ఏడాదికొకసారి శిస్తు లెక్క తేల్చడానికి దొరవారు విడిది చేసినప్పుడు, ఆ గుడారం ముందే చెరువు మరమ్మతుకూ, శిస్తు వజాకూ అర్జీ పెట్టుకోవాలి. వసూలు చేసేవాడూ ఇచ్చేవాడూ ఒక్కడే. తమిళనాడు తాలూకా కచేరీలలో జమాబందీ నాడు అర్జీలు తీసుకునే ఆనవాయితీ మన కాలం దాకా నడిచింది. రెండువందల ఏళ్ళు దాటిన అలవాటు అది.

ఊరి పనులకు వేరే నిధి అన్నది 1871 మద్రాసు స్థానిక నిధుల చట్టంతో వచ్చింది. భూమి విలువ మీద రూపాయికి ఒక అణాకు మించకుండా సెస్సు వేయవచ్చు. జమీను గ్రామాలలో ఆ సెస్సులో సగం రైతు దగ్గర రాబట్టుకోవచ్చు. వచ్చినదానిలో మూడింట రెండు వంతులు రోడ్లకే ఖర్చుపెట్టాలి. మిగిలిన మూడో వంతులోనే బడి, ఆసుపత్రి, సత్రం, టీకాలు, పారిశుద్ధ్యం అన్నీ సర్దుకోవాలి. అంటే అర్జీ రాకముందే, అడిగే మనిషి నోరు తెరవకముందే, డబ్బు దారి ఏర్పడిపోయింది. బాట కావాలన్నవాడికి పద్దు ఉంది. బడి కావాలన్నవాడు ఆ మిగులు కోసం టీకాలవాడితో పోటీపడాలి.

ఇక సెస్సు ఎంత వస్తుందన్నది శిస్తును బట్టి, శిస్తు నేలను బట్టి. కావేరి కింది మాగాణులకూ హోసూరు మెట్టకూ పోలికే లేదు. సముద్రమట్టానికి సుమారు మూడువేల అడుగుల ఎత్తున ఉన్న ఈ సీమలో రాగి, ఉలవ, అనప పండుతాయి. మెట్టకు తీరువ తక్కువ కనుక సెస్సూ తక్కువ. తీరువ తక్కువగా ఉండడం రైతుకు మేలే. కానీ అదే కారణంగా అతని ఊరి నిధి ఎప్పుడూ అడుగంటి ఉండేది. 1876-78 ధాతుకరువులో సేలం జిల్లా పడిన పాటు జనాభా లెక్కలే చెబుతాయి. 1871లో సుమారు 19 లక్షల 67 వేలున్న జనం 1881 నాటికి 16 లక్షలకు దిగారు. అటువంటి జిల్లాలో, అందులోనూ దాని మెట్ట కొసన, అణా సెస్సు ఎంత కూడుతుందో ఊహించవచ్చు.

1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. దాని వెంట 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చి జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, యూనియన్లు ఏర్పడ్డాయి. ఇంగ్లండులో కౌంటీ కౌన్సిళ్ళను ఏర్పరచిన చట్టం 1888 నాటిది. అంటే కాగితం మీద సేలం జిల్లా బోర్డు అక్కడి కౌంటీ కౌన్సిల్ కంటే పెద్దదన్నమాట. అయితే వయసులో పెద్దయినంత మాత్రాన అధికారంలో పెద్ద కాలేదు. అక్కడి కౌన్సిల్ ముందు రాబోయే ఏటి ఖర్చు అంచనా వేసుకుని, దానికి తగినట్టు రేటు నిర్ణయించుకునేది. ఇక్కడ రేటు అణా దగ్గర ఆగిపోయింది, ఖర్చును దానికి తగ్గట్టు కత్తిరించుకోవాలి. అక్కడ సభ్యుడు తన ఊరికి ఏదైనా కోరితే ‘పన్ను పెంచుదామా’ అన్న చర్చ వస్తుంది. ఇక్కడ ‘ఎవరిది కోద్దాం’ అన్న చర్చే వస్తుంది. ఈ తేడాను విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. మన స్థానిక రాజకీయాలలో కనిపించే ఊరికీ ఊరికీ మధ్య కొట్లాటకు మూలం కొంతవరకు ఇక్కడే ఉందని మా అభిప్రాయం.

పద్ధతి ఇలా ఉండేది. ఊరివారు గ్రామ మునసబు ద్వారానో, బోర్డు సభ్యుని ద్వారానో అర్జీ పంపుతారు. తాలూకా బోర్డుకు మొదట్లో డివిజను అధికారే అధ్యక్షుడు, జిల్లా బోర్డుకు కలెక్టరు. పని కట్టడమో బాటో అయితే ఇంజనీరు అంచనా కావాలి. అంచనా లేని అర్జీ దస్త్రంలో పడుకుంటుంది. తాలూకా బోర్డు తన బడ్జెట్టు చిత్తు తయారుచేసి జిల్లా బోర్డుకు పంపితే అక్కడ కోతలు పడతాయి. ఆ పైన ప్రభుత్వపు మంజూరు కావాలి. ఏప్రిల్‌లో కొత్త ఏడు మొదలయ్యేసరికి ఊరివారు అడిగినదేదో, మంజూరైనదేదో పోల్చుకోలేనంతగా మారి ఉండేదంటే ఆశ్చర్యం లేదు. ‘మహారాజశ్రీ దొరవారి సముఖానకు’ అని మొదలయ్యే తెలుగు అర్జీ పై మెట్టుకు పోయేసరికి ఇంగ్లీషులో ఒక వరస అయ్యేది. ఆ వరసలో ఊరి పేరు మిగిలేది, ఊరి మాట మిగిలేది కాదు.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. హోసూరు దగ్గరి తొరపల్లి మునసబుగారి ఇంట 1878లో పుట్టిన కుర్రవాడే చక్రవర్తి రాజగోపాలాచారి. శిస్తుతోపాటు సెస్సు వసూలు చేసే ఇంట పెరిగిన ఆ మనిషి 1917లో సేలం మునిసిపాలిటీకి అధ్యక్షుడయ్యాడు, 1937లో మద్రాసు ప్రధానమంత్రి అయి ఆ అక్టోబరు 1న తన సేలం జిల్లాలోనే మొదట మద్యనిషేధం పెట్టాడు. తగ్గిన రాబడి పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చాడు. ఒక పద్దు మూస్తే మరొకటి తెరవాలని తెలిసిన మునసబుగారి అబ్బాయి!

రైలు సంగతి కూడా చెప్పాలి. తంజావూరు జిల్లా బోర్డు రైతుల మీద అదనపు సెస్సు వేసి 1894లో సొంత రైలుమార్గం తెరిచింది. మాగాణి జిల్లా కనుక అది చెల్లింది. మన సీమకు వచ్చిన చిన్న బండ్లు, తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి 1905లో, మొరప్పూరు నుంచి ధర్మపురికి 1906లో, అక్కడినుంచి హోసూరుకు 1913లో, కరువుల నేలకు రక్షణగా వేసినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలం నాటికి వాటి పట్టాలు ఎత్తివేశారు. హోసూరుకు 1960లలో మళ్ళీ రైలు వచ్చింది. కృష్ణగిరి పట్టణం ఇంకా అర్జీ పెట్టుకుంటూనే ఉంది.

1920 చట్టంతో బోర్డులలో ఎన్నికైనవారి పాలు పెరిగింది. అదే ఏడాది వచ్చిన ప్రాథమిక విద్యా చట్టం విద్యకు వేరే పన్ను వేసుకునే వీలు కల్పించింది. బడికి మొదటిసారి సొంత పద్దు దొరికింది. అంతలోనే మరో మార్పు. 1934 నాటికి తాలూకా బోర్డులు రద్దయ్యాయి. హోసూరుకు బెంగుళూరు 40 కిలోమీటర్లు, సేలం కృష్ణగిరి మీదుగా సుమారు 160. హోసూరు బడి సంగతి తేల్చేవారందరూ ఇక ఆ దూరపు ఊళ్ళోనే. రోడ్ల సుంకాలు కూడా ఆ కాలంలోనే పోయాయి. 1931 మోటారు వాహనాల పన్ను చట్టం వాటిని తీసివేసి, బోర్డులకు ప్రభుత్వం నుంచి పరిహారం ఏర్పాటు చేసింది. సొంత రాబడి ఒకటి పోయి, పైనుంచి వచ్చే గ్రాంటు ఒకటి చేరింది. కృష్ణగిరి దగ్గర ఇప్పుడు మళ్ళీ సుంకపు గేటు వెలిసింది. కానీ ఆ డబ్బు జాతీయ రహదారులది, పక్క ఊరి పంచాయతీది కాదు.

1958 మద్రాసు పంచాయతీల చట్టం జిల్లా బోర్డులకు తెర దించి పంచాయతీ యూనియన్లను తెచ్చింది. పంచాయతీ అధ్యక్షులే యూనియన్ కౌన్సిల్ సభ్యులు, బ్లాకు అధికారే కమిషనరు. ప్రాథమిక పాఠశాలలు యూనియన్ల చేతికి వచ్చాయి. వాటి పేర్లలో ‘పంచాయతీ యూనియన్’ అన్న మాట అలాగే నిలిచిపోయింది. 1981లో ఉపాధ్యాయులు ప్రభుత్వోద్యోగులయ్యాక కూడా బోర్డులు మారలేదు. డబ్బు విషయంలో ఈ చట్టం తెచ్చిన కొత్తదనం జోడు గ్రాంటు. ఊరు ఇంటిపన్ను ఎంత వసూలు చేస్తే ప్రభుత్వం అంతకు అంత కలుపుతుంది. వినడానికి న్యాయంగా ఉంది. సోమరి ఊరిని పనికి పురికొల్పే ఉపాయంగానే దాన్ని తెచ్చారు. కానీ మిద్దెలున్న ఊరికి జోడు పెద్దది, బోదకొట్టాలున్న ఊరికి జోడు చిన్నది. 1871లో మెట్టకు జరిగిందే 1960లలో గుడిసెకు జరిగింది. ఉద్దేశం మంచిదైనా, ఉన్నవాడికే మరింత కలిసే లెక్క అది.

మరి తెలుగు సంగతి? ఏ బడ్జెట్టులోనూ భాషకు పద్దు లేదు. ‘మా పిల్లలకు తెలుగు అయ్యవారు కావాలి’ అన్న అర్జీ జీతాల పద్దు కిందకు రావాలి, జీతాల పద్దు తలల లెక్క మీద నడవాలి. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం చేసింది. బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ మాతృభాష పిల్లలుంటే ఆ భాష ఉపాధ్యాయుణ్ణి వేయాలి. 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. జనాభాలో 15 నుంచి 20 శాతం ఉన్న అల్పసంఖ్యాక భాషవారికి ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలో ఇవ్వాలని అదే ఏడాది కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. మద్రాసు రాష్ట్రంలో తమిళాన్ని అధికారభాష చేసిన చట్టమూ 1956దే. కచేరీ భాష ఇంగ్లీషు పోయి తమిళమైంది. సామాన్యుడికి అది మేలే, హోసూరు తెలుగు రైతుకు మాత్రం అనువాదం మిగిలింది.

ఆ నలభై, పది అంకెల చుట్టూ నడిచిన వ్యవహారమే మన బడుల చరిత్ర. తొమ్మిదిమంది పిల్లలున్న తరగతికి పదోవాణ్ణి పక్క ఊరినుంచి తెచ్చి చేర్చడం ఈ సీమలో పెద్దలు నవ్వుతూ చెప్పుకునే కథ. నవ్వుకునేది కాదు. పదోవాడు మానేస్తే అయ్యవారి కొలువే ప్రశ్న అవుతుంది, అయ్యవారు పోతే మిగతా తొమ్మండుగురూ వేరే మాధ్యమానికి పోతారు, మరుసటేడు అడగడానికి అంకె ఉండదు. 2006 తమిళ అధ్యయన చట్టం ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి ఎక్కుతూ 2015-16లో పదికి చేరింది. మొదటి భాగం తమిళమే కావాలన్నందున 2016లో అల్పసంఖ్యాక భాషల పిల్లలు హైకోర్టు దాకా వెళ్ళి మినహాయింపు తెచ్చుకోవలసి వచ్చింది. అర్జీ కచేరీ దాటి న్యాయస్థానానికి పోయిన సందర్భమది.

పాలన హద్దులు మాత్రం దగ్గరవుతూ వచ్చాయి. 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లా, 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లా ఏర్పడ్డాయి. హోసూరు, సూళగిరి, కెలమంగళం, తళి, వేపనపల్లి, బర్గూరు మొదలైన 10 యూనియన్లు ఈ జిల్లావి. 1994 చట్టం కింద 1996లో ఎన్నికలు జరిగి జిల్లా పంచాయతీలు వచ్చాయి. పేరుకు పై మెట్టు ఇదే, పన్ను వేసే అధికారం మాత్రం దీనికి లేదు. రాష్ట్రం గ్రామీణ సంస్థలకు పంచే నిధిలో జిల్లా పంచాయతీకి వచ్చేది నూటికి 8 పాళ్ళ వంతున సాగింది. పాత జిల్లా బోర్డును తలుచుకుని దీని దగ్గరకు అర్జీ పట్టుకుపోయినవాడు నిరాశపడక తప్పదు. హోసూరు 2019లో నగరపాలక సంస్థ అయింది. దాని కర్మాగారాల ఆస్తిపన్ను అక్కడే ఆగుతుంది, తళి కొండల పక్క పల్లెకు రాదు.

ఎన్నికైనవారు లేని కాలాలూ తక్కువేమీ కావు. 1970 తరవాత పంచాయతీ ఎన్నికలు 1986లో గాని జరగలేదు. 2016 నుంచి 2019 చివరిదాకా, మళ్ళీ 2025 జనవరిలో పదవీకాలం ముగిశాక, ప్రత్యేకాధికారులే ఊరి లెక్కలు చూశారు. అటువంటి రోజుల్లో అర్జీ మళ్ళీ జమాబందీ నాటి దారే పడుతుంది, ఇచ్చేవాడూ అడిగించుకునేవాడూ అధికారే.

కొన్నేళ్ళ కిందట సూళగిరి వైపు ఒక పల్లెలో ఆగస్టు 15 గ్రామసభకు మేము వెళ్ళాం. వేపచెట్టు కింద ఆడవాళ్ళు తెలుగులో నీళ్ళ సంగతి మాట్లాడారు, ఒక ముసలాయన చెరువు తూము గురించి గట్టిగానే పోట్లాడాడు. కార్యదర్శి తెలుగు అర్థమయ్యే మనిషే, తెలుగులోనే జవాబు చెప్పాడు, తమిళంలో మినిట్స్ రాశాడు. సభ అయ్యాక ఒకమ్మ వచ్చి, ‘బడికి తెలుగు టీచరమ్మ సంగతి రాసినావా నాయనా’ అని అడిగింది. అతను పుస్తకం తిరగేసి చూశాడు. తూము ఉంది, వీధిదీపాలున్నాయి, మంచినీళ్ళ పైపు ఉంది. ‘అది మన పంచాయతీ పద్దులో రాదమ్మా, విద్యాశాఖకు వేరే అర్జీ ఇయ్యాల’ అన్నాడు. ఆమె కొంగు ముడి విప్పి మడిచిన కాగితం తీసింది. తెలుగులో రాసి ఉంది. దాన్ని తమిళంలో తిరిగి రాసే పని ఆ పూట మా విద్యార్థి ఒకడికి పడింది.