ప్రయోగాత్మక అభ్యసన కేంద్రాలు: ఖమ్మం–భద్రాచలం ఏజెన్సీ

పిల్లలు చిన్న జట్లుగా కూర్చుని, సామగ్రిని స్వయంగా చేతబట్టి సైన్సు, గణితం, కంప్యూటర్ పాఠాలు నేర్చుకునేందుకు తరగతి గదిలో అమర్చే బల్లలు, మూలలు ఇవి. కంప్యూటర్ల రాకతోనే వీటి చరిత్ర మొదలైందనుకోవడం సరికాదు.

బ్రిటన్ సాయంతో 1983లో ప్రయోగదశలో మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కృత్యాధార బోధనను బడికి తెచ్చింది. చేసి నేర్చుకోవడం, జట్టుపని, పరిసరాల వినియోగం, పిల్లలు చేసినవి ప్రదర్శించడం దాని సూత్రాల్లో కొన్ని. 1987 నాటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద సైన్సు కిట్లూ వచ్చాయి. అయితే కిట్టు బడికి చేరడం వేరు, పిల్లల చేతికి అందడం వేరు.

ఈ తేడాను శ్రద్ధగా పట్టించుకున్నది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థ. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ రూపొందించిన విధానంలో వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో చదువుతారు. గోడమీది అభ్యసన నిచ్చెన చూసి, బొమ్మ గుర్తున్న కార్డు తీసుకుని ఎవరి జట్టులోకి వాళ్ళు వెళ్తారు. ఒక జట్టుకు టీచరు పూర్తిగా తోడుంటారు, ఇంకో జట్టుకు కొంతవరకే. మరో జట్టులో తోటి పిల్లలే ఒకరికొకరు నేర్పుకుంటారు, నాలుగో జట్టులో ఎవరి పని వాళ్ళదే. ఏకోపాధ్యాయ బడులున్న ఏజెన్సీకి ఇంతకన్నా తగిన నమూనా లేదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, తర్వాత ఏ కార్డు తీయాలి అన్నది తేలాకే పరికరాలు కొనాలి.

కార్డుమీది భాష కూడా అంతే ముఖ్యం. 2004లో 8 గిరిజన భాషల్లో మొదలైన బహుభాషా విద్యలో కోయ ఒకటి; వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. సూచన అర్థంకాని జట్టు దగ్గరే టీచరు నిలబడిపోతే మిగతా జట్ల పని ఆగిపోతుంది. 2014 రాష్ట్ర విభజనలో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, కోయ పిల్లల చదువు రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల మధ్య చీలింది.

2016లో కేంద్రం తెచ్చిన అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం 6 నుంచి 12 తరగతుల వారికి త్రీడీ ప్రింటర్లు, సెన్సార్లు, మైక్రోకంట్రోలర్లు అందించింది. బడికి 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే నిధిలో సగం నిర్వహణకే కేటాయించడం మెచ్చదగింది. బ్యాటరీలు, సోల్డరింగ్ తీగ నిండుకుంటే ఎంత ఖరీదైన ల్యాబైనా మూతపడుతుంది. 2022లో తెలంగాణ చేపట్టిన ‘మన ఊరు–మన బడి’లోనూ డిజిటల్ వసతులకు చోటు దక్కింది.

భద్రాచలం పిల్లలకు పరాయిది కాని పాఠం గోదావరి మట్టం. ఇక్కడ 43, 48, 53 అడుగుల దగ్గర మూడు ప్రమాద హెచ్చరికలు జారీ చేస్తారు. 1986లో వరద 75.6 అడుగులకు చేరింది. నీళ్ళ తొట్టెలో ఆ మూడు గుర్తులు గీసి, పైన అల్ట్రాసోనిక్ సెన్సారు బిగిస్తే ఒక కేంద్రం సిద్ధం. ఇంటర్నెట్ అక్కర్లేదు. గుర్తు దాటగానే బజరు మోగేలా కోడ్ రాయడం పెద్ద తరగతుల వాళ్ళ పని. చిన్న తరగతుల వాళ్ళు స్కేలుతో కొలిచి గ్రాఫు గీస్తే చాలు.