సెన్సర్

గ్యారేజీలో వినిపించే ‘సెన్సర్’, సినిమావాళ్లు చెప్పే ‘సెన్సార్’ పలకడానికి దగ్గరగా ఉన్నా పుట్టుక వేరు. మొదటిదానికి మూలం ‘గ్రహించు’ అనే అర్థమున్న లాటిన్ ధాతువు ‘సెంటీరే’. రెండోది ‘విలువ కట్టు, అభిప్రాయం చెప్పు’ అనే ‘కెన్సేరే’ నుంచి వచ్చింది. ప్రాచీన రోములో జనాభా లెక్కలు రాసి, పౌరుల నడతను విచారించే అధికారి పేరే ‘సెన్సార్’.

కారులో సెన్సర్ పని గ్రహించి చెప్పడం వరకే. ఇంజిన్ లైటు వెలిగి స్కానర్‌లో పి0171 కనబడితే, ఆక్సిజన్ సెన్సర్ పోయిందని మార్చేస్తుంటారు. ఆ కోడ్‌కు అర్థం మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. ఇన్‌టేక్ గొట్టం చిట్లినా, ఫ్యూయల్ పంపు ఒత్తిడి తగ్గినా అదే వస్తుంది. చాలాసార్లు సెన్సర్ చెప్పింది నిజమే. పి0135 అయితే అనుమానం సెన్సర్‌లోని హీటర్ సర్క్యూట్ మీదికి పోతుంది. అప్పుడు కూడా ముందు ఫ్యూజు, వైరింగు చూసి, మీటరుతో హీటర్ రెసిస్టెన్స్ కొలవాలి.

కొత్త సెన్సర్‌కు డబ్బు కట్టేముందు, పాతది చెడిందని ఏ పరీక్షతో తేల్చారో మెకానిక్‌ను తప్పక అడగండి.