మానేరు ఒడ్డున మా సుట్టాలు, నీళ్ల కింద మా అమ్మమ్మ ఊరు

ఇయ్యాల ముచ్చట జర పెద్దగుంది. పొలం పని అయినంక తీరిగ్గ చదువుండ్రి.

ఫంక్షన్ హాళ్లు లేని కాలంలో మన దిక్కు సుట్టాలంతా ఒక్కకాడ కలవాలంటే రెండే జాగలు. ఒకటి ఇంటి వాకిలి, ఇంకోటి చెరువు కట్ట. బతుకమ్మకు ఆడబిడ్డలు పుట్టింటికి వస్తరు. సద్దుల నాడు పొద్దుగూకంగ తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలు పట్టుకొని అందరు కట్ట మీదికి పోతరు. ఆడి, పాడి, నీళ్లల్ల సాగనంపి, మలీద ముద్దలు, సద్దులు పంచుకొని తింటరు. ఊళ్లన్నీ తొమ్మిదో రోజు సద్దులు చేస్తే వేములవాడల ఏడో రోజే చేస్తరు. అక్కడి కోడండ్లు అత్తగారింట్ల ఒకసారి ఆడి, మళ్ల తల్లిగారింట్ల ఇంకోసారి ఆడొచ్చని అట్ల పెట్టిండ్రని పెద్దలు చెప్తరు. అంటే మనిషికి మనిషి కలిసేటందుకు పండుగ దినమే జరిగింది, చూడుండ్రి.

మరి చెరువు కాడనే ఎందుకు? ఊరంతటికి ఉమ్మడి ఆస్తి అదొక్కటే గనుక. కాకతీయులు రామప్ప, పాఖాల కట్టి 800 ఏండ్లు అయితుంది. ఆ పెద్ద చెరువుల తీరుగనే మన ఊళ్లల్ల చిన్న చిన్న గొలుసు చెరువులు, కుంటలు వచ్చినయి. చెరువంటే నీళ్లొక్కటే కాదు. కట్ట, తూము, మత్తడి, శిఖం, ఆయకట్టు అన్నీ కలిస్తేనే చెరువు. తూము తీసి మూసే నీరటికి పంట కాడ ఊరోళ్లు గింజలు కొలిచేది. యాసంగికి నీళ్లు తక్కువున్న ఏడు తైబందీ చేసేది. పెద్దమనుషులు కట్ట మీద కూసొని, ఉన్న నీళ్లకు ఎంత మడి పారుతదో లెక్కగట్టి, తూముకు దగ్గరున్న పొలంలనే అందరికీ ఇంత అని పాలు పంచేది. కొస మడి రైతుకు గూడ పాలు వచ్చేది. నీళ్లు పంచుకున్న కట్ట మీదనే బతుకమ్మ ఆడినం, అక్కడనే పెండ్లి మాటలు మాట్లాడుకున్నం.

ఇప్పుడు మానేరు సంగతికి వస్త. ఈ వాగు మీద మూడు ఆనకట్టలున్నయి. పైన గంభీరావుపేట కాడ నర్మాల ప్రాజెక్టు నిజాం కాలంది. కింద కరీంనగర్ కాడ లోయర్ మానేరు 1974ల మొదలై 1985ల పూర్తయింది. నడిమిట్ల మాన్వాడ కాడ కట్టింది మిడ్ మానేరు, ఇప్పుడు దాని పేరు శ్రీ రాజరాజేశ్వర జలాశయం. దాంట్లె 25 టీఎంసీలకు పైన నీళ్లు పడుతయి. 2016 సెప్టెంబర్‌ల వరదకు మట్టి కట్ట తెగి, కింది ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించుడు మీకు యాదికుండే ఉంటది. తర్వాత కట్టను బాగుచేసిండ్రు. 2019ల కాళేశ్వరం నీళ్లు గూడ వచ్చి చేరినయి.

ఆ నీళ్ల కింద చీర్లవంచ, చింతల్‌ఠాణా, అనుపురం, రుద్రవరం, సంకెపల్లి, కొడుముంజ, శాభాష్‌పల్లి, కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి ఇట్ల ఎన్నో ఊళ్లు పోయినయి. వరదవెల్లిల గుట్ట మీదున్న దత్తాత్రేయ స్వామి గుడి మిగిలింది. చుట్టూ నీళ్లు నిండితే అది లంక అయితది, పడవ మీద పోయి మొక్కుకోవాలె.

మా అమ్మమ్మ ఊరు గూడ ఆ ముంపుల పోయింది. చిన్నప్పుడు ఎండకాలం సెలవులు మాకు అక్కడనే. వాగు ఇసుకల చెలిమ తోడితే జర సేపటికి నీళ్లు తేటగ ఊరేది. ముంత ముంచుకొని తాగేది. వాగుల పెట్టిన దోసతీగలకు మా తాత రాత్రిపూట కావలి పండేది. మేం పక్కన ఇసుకల పండుకొని చుక్కలు లెక్కపెట్టేది. ఊరి చెరువు అడుగంటితే పిల్లలం బురదల దిగి జెల్లలు, కొర్రమట్టలు పట్టేది. జెల్ల ముల్లు కుచ్చితే అమ్మమ్మ పసుపు అద్దేది, మేం ఏడ్చేది.

మొన్న దసరాకు మా మేనమామలు, పెద్దమ్మలు, చిన్నమ్మలు, వాళ్ల పిల్లలు, మనుమలు అందరం కలవాలనుకున్నం. కాలనీల ఇండ్లు ఇరుకు. అందుకని పాత తొవ్వ నీళ్లల్లకు దిగిపోయే కాడ ఒడ్డున టెంటు ఏసినం. జగిత్యాల నుంచి మా అక్కాబావలు, సిరిసిల్ల నుంచి మరమగ్గాల మీద పనిచేసే మా తమ్ముండ్లు, దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మా అల్లుడు, అందరం కలిసి నలభై మందిమి దాటినం.

మా పెద్దమామకు 80 దాటినయి. కట్టెతోని నీళ్ల దిక్కు చూపెట్టుకుంట "గదిగో, గాడ మన మోటబాయి. దాని పక్కన పోచమ్మ గుడి" అన్నడు. చిన్నమామ ఒప్పుకోలే. "లేదన్నా, గుడి చెరువు అలుగు దిక్కుండె" అన్నడు. ఇద్దరికీ మాట పెరిగింది. ఒక పిలగాడు ఫోన్ల మ్యాపు తీసిండు. దాంట్లె అంతా నీలం రంగే. ఇద్దరూ పుట్టి పెరిగిన ఊరే. విడిచిపెట్టి పదేండ్లు గూడ నిండక ముందే గుడి ఏ దిక్కుండెనో తేలలేదు.

నాకు అది మనసుల పడ్డది. అన్నం తిన్నంక ఒక నోటుబుక్కు తెప్పించి ఇద్దర్ని పక్కపక్కన కూసోబెట్టిన. వాగొడ్డు మడి, చింతల చెల్క, ఊరగడ్డ, దొండ్లబాయి ఇట్ల భూముల పేర్లే 34 వచ్చినయి. ఏ భూమి ఎవరిది, ఏ బాయి ఎవరు తవ్విండ్రు, తైబందీల ఎవరి పాలు ఎంత, అన్నీ రాసినం. గుడి సంగతి ఇంకా తేలలే, ఇద్దరి మాటా రాసి పెట్టినం. మా మామ ఒక్క మాటన్నడు: "పరిహారం కాయితంల ఇల్లుంది, చెట్టుంది, బాయుంది. కట్ట మీద కూసునే జాగ మాత్రం ఏ కాయితంల రాలే బిడ్డా."

ఇది ఎవర్నో తిట్టేటందుకు రాస్తలేను. శ్రీరాంసాగర్‌కు నెహ్రూ 1963ల పునాదిరాయి ఏసిండు. ఆ కాలువ నీళ్లు రావట్టికే మన జగిత్యాల, కోరుట్ల దిక్కు వరి, పసుపు నిలబడ్డయి. వరద కాలువ శ్రీరాంసాగర్ కాడ మొదలై, 120 కిలోమీటర్లకు పైన మన కోరుట్ల, కథలాపూర్, మేడిపల్లి మీదుగ పోయి మిడ్ మానేరుల కలుస్తది. దాని మీద మోటర్లు పెట్టుకొని పారిచ్చుకునేటోళ్లం మనల ఎంత మందిమి లేము! మా చెల్క పక్క నుంచి పోయే నీళ్లే మా అమ్మమ్మ ఊరి మీద నిలబడుతున్నయి. ఆ నీళ్లతోని నేను బువ్వ తింటున్న, ఆ నీళ్లల్లనే మా మామల ఊరు పోయింది. రెండూ నిజమే. రెండూ మన పిల్లలకు చెప్పాలె.

ఇగ మన సంగతి. మన ఊరి చెరువు ఇంకా ఉంది. 2015ల మిషన్ కాకతీయ వచ్చినప్పుడు ఆ పూడిక మట్టే ట్రాక్టర్లతోని మన చెల్కలల్ల పోసుకున్నం. కాని శిఖంల ఏడాదికింత ఒడ్డు జరుగుతనే ఉంది. బోర్లు వచ్చినంక తూముతోని పనిలేకుంటయింది, నీరటి పేరు గూడ పిల్లలకు ఎరుక లేదు. ముంపు ఊళ్లోళ్లకు చెరువు ఒక్కసారే పోయింది, అందరికీ కనవడ్డది. మనది గజం గజం పోతుంది, కనవడుత లేదు. అది పోయిన్నాడు పక్కల పంపకం తప్ప మనం కలిసి కూసునే పనే ఉండది.

అందుకే ఒక్కటి అడుగుతున్న. ఈ బతుకమ్మకు ఆడబిడ్డలు వచ్చినప్పుడు, మీ ఇంట్ల పెద్దమనిషిని కట్ట మీదికి తోలుకపోండ్రి. నడవలేకుంటే బండి మీద తీస్కపోండ్రి. శిఖం హద్దు ఏడిదాక ఉండెనో చూపెట్టమనుండ్రి. పొలాల పేర్లు, బాయిల పేర్లు, నీరటి ఇంటి పేరు రాసుకోండ్రి. పిల్లల చేతనే రాయించుండ్రి. మా పెద్దమామ తీరుగ చూపెట్టేటోళ్లు ఊరికి ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నరు. ఆళ్లు ఉన్నప్పుడే ఈ పని కావాలె.