నిజాము రైల్వే - మన మూడు ఊళ్లు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు. ఈ మూటిలో రైలుదారి మీద ఉన్నది గద్వాల ఒక్కటే. వనపర్తి పేరుతో స్టేషను గలదు గాని అది వనపర్తిలో లేదు. మదనాపురం వద్ద నున్నది. దానికి ‘వనపర్తి రోడ్’ అని పేరు పెట్టిరి. ఆ ‘రోడ్’ అను చిన్న మాటలో ఎంత దూరమున్నదో నెత్తిన మూట పెట్టుకొని దిగినవారికి తెలియును. నాగర్‌కర్నూలుకు పేరుకైనను స్టేషను లేదు.

సికింద్రాబాదు నుండి మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదుగా ద్రోణాచలం పోవు ఈ దారిని కర్నూలు వరకు నిజాము రైల్వే వేసినది. ఆ రైల్వే మొదటి దారి 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు వచ్చినది. తరువాత దానిని నడిపిన ఆంగ్లేయ కంపెనీకి లాభము వచ్చినను రాకున్నను వడ్డీ చెల్లింతుమని నిజాము ప్రభుత్వము హామీ యిచ్చినది. అందుకే ‘గ్యారంటీడ్’ రైల్వే అనిరి. నష్టము రైతు పన్ను మీద, లాభము లండన్ వారికి! 1930 ఏప్రిల్ 1న ప్రభుత్వమే దానిని కొనివేసినది.

ఈ రైల్వే క్షీణించుటకు బస్సులే కారణమని పెద్దలు కొందరందురు. మేము ఒప్పుకొనము. ఇక్కడ బస్సులు నడిపినది రైల్వేయే. 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆ శాఖ మొదలైనది. పట్టాలు లేని ఊళ్లకు ఇది గొప్ప మేలు. రైలును, బస్సును ఒకే కార్యాలయము చూచుచుండెను. దేనివేళను దేనికి కలుపవలెనో అక్కడనే తేల్చుకొనవచ్చును.

ఆ జంట విడిపోవుటయే అసలు క్షీణత అని మా అభిప్రాయము. 1950 ఏప్రిల్ 1న రైల్వే కేంద్ర ప్రభుత్వపరమైనది. 1951 నవంబరు 5న సెంట్రల్ రైల్వేలో కలిసి, నిజాము రైల్వే అను పేరే పోయినది. పెద్ద కార్యాలయము బొంబాయిలో! అదే నెలలో బస్సులు హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము చేతికి వెళ్లినవి. 1958 జనవరి 11న అవి ఆర్టీసీ అయినవి. ఇక వనపర్తివారు బస్సు కొరకు ఒక తలుపు, రైలు కొరకు మరియొక తలుపు తట్టవలసి వచ్చినది.

1956 సెప్టెంబరు 2 రాత్రి మహబూబ్‌నగర్, జడ్చర్లల మధ్య వంతెన కూలి వందకు పైగా ప్రాణములు పోయినవి. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా యియ్యగా నెహ్రూ అంగీకరింపలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదము జరిగిన పిమ్మటనే అంగీకరించిరి. దేశమంతటికి అరియలూరు గుర్తున్నది. మన వంతెనను తలచుకొనువారు తక్కువ.

1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి పెద్ద కార్యాలయము సికింద్రాబాదుకు వచ్చినది. బస్సులు మాత్రము తిరిగి ఆ గూటికి రాలేదు. మన మీటరుగేజి దారి 1990ల దశకములో బ్రాడుగేజి అయినది. 2013లో గద్వాల నుండి రాయచూరుకు కొత్త దారి పడినది. వనపర్తి, నాగర్‌కర్నూలుల మీదుగా పోవలసిన గద్వాల-మాచర్ల దారి మాత్రము ఇంకను కాగితముల మీదనే యున్నది. వనపర్తి రోడ్‌లో దిగినవారు నేటికిని బస్సో ఆటోయో వెదకుకొనవలసినదే.