ఖరగ్‌పూరు వాకిళ్లలో ధనుర్మాసము

ఖరగ్‌పూరు చరిత్రను వ్రాయబూనినవారు ఇనుపదారితోనే ప్రారంభింతురు. అది న్యాయమే. 1899లో కటకమునుండి వచ్చు దారి అచ్చటికి చేరినది. మరుసటి యేడు ఏప్రిలులో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన తెరచుటతో హౌరాకు త్రోవ సిద్ధించినది. 1902లో వాల్తేరు, కటకముల నడుమనున్న తూర్పుతీరపు రైలుదారి కూడ బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చినది. ఈ మూడు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, మేదినీపురపు ఎర్రమట్టి మెట్టమీద తెలుగుమాట ఎట్లు వేరూనినదో వేరుగ చెప్పనక్కరలేదు. నాటి విశాఖపట్నము, గంజాము జిల్లాల పల్లెలలో రైలెక్కినవాడు బండి మారకయే కర్మాగారపు వాకిట దిగగల కాలము వచ్చినది.

వచ్చిన పురుషుల చరిత్ర కొంత కాగితమున కెక్కినది. ఉద్యోగములు తగ్గింపనున్నారని తెలిసి 1927లో ఖరగ్‌పూరు కార్మికులు చేసిన సమ్మెను భారత కార్మికోద్యమ చరిత్రకారులు విడువలేదు. ఆ నాయకులలో నొకరు బరంపురమున పుట్టిన వి.వి. గిరిగారు, 1969లో వారు రాష్ట్రపతి యైనారు. కంపెనీ పోయి 1944లో రైలుదారి ప్రభుత్వపరమైనది. 1955లో ఆగ్నేయ రైల్వే యేర్పడినది. ఇవన్నియు దస్త్రములలో నున్నవి. ఆ పురుషులతో వచ్చిన స్త్రీలు ఆ యూరిలో ఏమి నిర్మించిరన్న ప్రశ్నకు దస్త్రములు నోరు విప్పవు. వారి నిర్మాణము ప్రతి ఉదయము పుట్టి, మధ్యాహ్నమునకు పాదముల క్రింద మాసిపోవునది గనుక గుమాస్తాకు దొరకలేదు.

రైల్వే క్వార్టరు ఎవరికిని సొంతిల్లు కాదు. గోడ కంపెనీది, తలుపు కంపెనీది, రంగు కంపెనీది. బదిలీ కాగితము వచ్చిననాడో, ఉద్యోగవిరమణ నాడో తాళము అప్పగించి పోవలసినదే. అట్టి యింటిలో ఇల్లాలు తనదని చెప్పుకొనగలిగినది గుమ్మము ముందరి నాలుగు గజముల నేల, వెనుక పెరడు ఉన్నచో ఆ పెరడు. ధనుర్మాసపు అలంకారమంతయు ఈ రెండింటిమీదనే నడచుట నాకు యాదృచ్ఛికముగ తోచదు.

మొదట ముందరి నేల. పేడనీళ్లతో కల్లాపి చల్లి, తడి ఆరకముందే చుక్కలు పెట్టి, వ్రేళ్ల సందునుండి పొడిపిండిని జారవిడుచుట మన పద్ధతి. పొరుగింటి వంగస్త్రీ వేయు ఆలిపనలో బియ్యపుపిండి నీటిలో కలియును. ఆ పిండినీటిలో ముంచిన గుడ్డపేలికను చేతబట్టి, వ్రేలికొనతో గీత నడపును. మన గీత తడినేలపై పొడి, వారి గీత పొడినేలపై తడి. పన్నెండవ శతాబ్దపు చాళుక్యరాజు సోమేశ్వరుని మానసోల్లాసము చిత్రభేదములు చెప్పుచు ధూళిచిత్రమును, రసచిత్రమును వేరుచేసినది. ఆ శాస్త్రకారుడు చెప్పిన రెండు జాతులును ఖరగ్‌పూరు వీధిలో ఎదురెదురు గుమ్మములయందు కనబడుచున్నవనిన, అది పండితుని ఉపమానము కాదు, తెల్లవారుజామున నడచిపోవువాని అనుభవము. అచ్చటి నేల ఎరుపు ముగ్గు తెలుపునకు మంచి పీఠము. ఒకనాటి మ్రుగ్గు శబ్దములోని రేఫ రాలిపోయి ముగ్గు మిగిలినట్లే, ఊరు మారినపుడు కొన్ని రాలును, కొన్ని మిగులును.

ఇక గొబ్బెమ్మ. ఆవుపేడ ముద్ద, దానిపై పసుపు, కుంకుమ, శిఖరమున గుమ్మడిపువ్వు. ఈ పువ్వునకై పెరటిలో పాదు పెట్టుకొందురు. కనుక మార్గశిరమున విరియుటకు వర్షకాలములోనే గింజ నాటవలెను. బంతికిని అంతే, చిక్కుడుకును అంతే. పండుగకు నెలల ముందే పెరటిలో పండుగ మొదలగును. వంగదేశమున గుమ్మడిపువ్వును శనగపిండిలో ముంచి వేయించుకొని తిందురు. మన గొబ్బెమ్మ కిరీటము పొరుగింటి బాణలిలో తేలుటయు కలదు!

ఇచ్చట ఒక సంగతి మన జానపద పరిశోధకులు చూడదగినది. సూర్యుడు ధనురాశిలో నుండు నెలయే వంగీయుల సౌరమానమున పౌషము. దాని చివరి దినమే మన సంక్రాంతి. ఆ నెల పొడుగునను మేదినీపురపు పడమటి అడవి ప్రాంతములలో, పురూలియా, బాంకుడాలలో కన్నెపిల్లలు టుసు దేవతను కొలుతురు. మట్టి మూకుడులో ధాన్యపు ఊక నింపి, దానిపై ఆవుపేడ ఉండలు పెట్టి, గరికతో, బంతిపూలతో అలంకరింతురు. సాయంకాలములందు చుట్టు చేరి పాడుదురు. సంక్రాంతినాడు వెదురుబద్దలతో, రంగుకాగితములతో కట్టిన చౌడలను మేళతాళములతో కొనిపోయి నీటిలో విడుతురు. పేడ, బంతి, కన్నెపిల్ల, పాట, ఆ నెల: ఇన్నియు గొబ్బెమ్మలోను ఉన్నవి. ఒకరినుండి ఒకరు తెచ్చుకొనిరని చెప్పుటకు నేను సాహసింపను. కొత్తపంట యింటికి చేరు కాలమున, ఆవు కట్టివేసియున్న వాకిట, చేతికందు వస్తువులతో రెండు జాతుల ఆడపిల్లలు రెండుచోట్ల ఒకే పని చేసియుండవచ్చును. ఆ రెండును చూడగల దూరమున ఖరగ్‌పూరు తెలుగువారు నివసించిరన్నదే ముఖ్యము.

కనుమనాడు వాకిట రథము వేసి, దాని త్రాటిని పొరుగింటి ముగ్గు వరకు గీతగా లాగుట మన ఆచారము. వరుసగా కట్టిన క్వార్టర్లలో ఈ త్రాడు ఏ భాషవారి గుమ్మమువరకు పోవునో ఊహింపుడు.

సంక్రాంతితో ఈ పని ముగియదు. వాడిన గొబ్బెమ్మలను పిడకలుగ చరచి యెండబెట్టి, రథసప్తమినాడు ఆ పిడకలమీదనే పాలు పొంగించి పరమాన్నము వండుదురు. చిక్కుడుకాయలను పుల్లలతో గ్రుచ్చి చిన్న రథము కట్టి, చిక్కుడాకులలో నైవేద్యము పెట్టుదురు. శ్రీకాకుళపు ఆడుబిడ్డలకు ఆ దినము అరసవిల్లి సూర్యనారాయణస్వామి పెద్దపండుగ. సెలవు దొరకక స్వామి సన్నిధికి పోలేని కుటుంబమునకు పెరటి చిక్కుడుపాదు ఎంత చేరువ తీర్థమో నేను వర్ణింపబోను.

ఆలిపనకు అదృష్టము పట్టినది. అవనీంద్రనాథ ఠాకూరు 1919లో ప్రకటించిన బాంగ్లార్ వ్రతములో దానిని కళగ నిలబెట్టినారు. శాంతినికేతన కళాభవనము దానిని విద్యగ నేర్పినది. మన ముగ్గునకు ఆ గౌరవము దక్కలేదనుటకు నేను సంకోచింపను. జానపదుల పాటను 1950ల దశకములో విశ్వవిద్యాలయములోనికి చేర్చినాము. ఆ పాట పాడుచు వేసిన గీతను వాకిటనే వదలినాము. ఈలోగా నేల మారినది. సిమెంటు గచ్చు కల్లాపిని త్రాగదు, పిండిని పట్టదు. గచ్చుపై రంగుతో ఒకసారి వేసిన ముగ్గు ఏడాది నిలుచును. ప్రతిదినము వేయు చేయి ఆ యేడాదిలో మొద్దుబారును. అదే యూరిలో, 1951లో హిజ్లీ నిర్బంధశిబిర భవనమున ఆరంభమైన సాంకేతిక విద్యాసంస్థలో, విద్యార్థులు దీపావళి రాత్రి విద్యుద్దీపములార్పి, వెదురుతడకలపై వేల ప్రమిదలు వెలిగించి, పొడిరంగులతో విశాలమైన రంగోలి తీర్చి పోటీపడుదురు. అది కన్నుల పండువ. కాని పోటీకొరకు ఒక రాత్రి వేయుట వేరు, చలిలో నెలరోజులు చూచువారు లేకున్నను వేయుట వేరు.

2020 డిసెంబరులో పశ్చిమవంగ మంత్రివర్గము తెలుగును రాష్ట్రపు అధికారభాషలలో చేర్చుటకు సమ్మతించినది. ఖరగ్‌పూరువారి చిరకాలపు కోరిక అట్లు ఫలించినది. ఆ యూరి తెలుగును వెదకబోవు రచయిత కచేరీ కాగితములతో తృప్తిపడక, తెలుగిండ్లలో ముగ్గులు ఎక్కించుకొనెడి నోటుపుస్తకములను అడిగి చూడవలెను. చుక్కల క్రింద లెక్క వ్రాసియుండును: 15 చుక్కలు, సందుచుక్క, 8 వరకు. బడిలో బంగ్లాయో హిందీయో చదివి తెలుగక్షరము గుర్తింపలేని మనుమరాలు కూడ చుక్కలను లెక్కించి ఆ పుటను నేలపై దింపగలదు. ఆ మూడు మాటలను చదివి చెప్పుటకు మాత్రము ఆమె ప్రక్కన మరియొకరు కూర్చుండవలెను.